పొత్తు కుదిరింది, సుంకం కుదరలేదు: సెనెగాంబియా కథ

1981 జులై 29న లండన్‌లో చార్లెస్, డయానాల పెళ్లి. వచ్చిన అతిథుల్లో పశ్చిమ ఆఫ్రికాలోని చిన్న దేశం గాంబియా అధ్యక్షుడు దావ్దా జవారా ఒకరు. మర్నాటికల్లా ఆయన దేశం ఆయన చేతిలో లేదు. కుకోయి సాంబా సాన్యాంగ్ అనే యువకుడు సాయుధ పోలీసుల్లో కొందరిని కూడగట్టుకుని, రేడియో స్టేషన్‌ను పట్టుకుని, ప్రభుత్వం పడిపోయిందని ప్రకటించేశాడు. అధ్యక్షుడి భార్య, పిల్లలు బందీలయ్యారు. గాంబియాకు అప్పటికి సైన్యమే లేదు. ఉన్నదల్లా ఫీల్డ్ ఫోర్స్ అనే చిన్న సాయుధ పోలీసు దళం. తిరగబడ్డ పోలీసులు ఆ దళంలోవాళ్లే.

జవారా పక్కదేశం సెనెగల్‌ను సాయం అడిగారు. అక్కడ అబ్దూ దియూఫ్ అధ్యక్షుడై ఏడు నెలలు కూడా నిండలేదు. అయినా ఆయన వెంటనే సైన్యాన్ని పంపారు. తిరుగుబాటు అణగడానికి సుమారు వారం పట్టింది. వందల మంది చనిపోయారు. జవారా తిరిగి కుర్చీలో కూర్చున్నారు గానీ, కాపాడడానికి వచ్చిన సైన్యం వెళ్లిపోలేదు. ఆ డిసెంబర్ 17న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1982 ఫిబ్రవరి 1 నుంచి సెనెగాంబియా సమాఖ్య అమల్లోకి వచ్చింది. 1989 సెప్టెంబర్ 30న రద్దయింది. మొత్తం ఏడేళ్ల ఎనిమిది నెలల కాపురం.

సమాఖ్య అన్నాను గానీ, మన దేశంలో కేంద్రం, రాష్ట్రాల ఏర్పాటు లాంటిది కాదు. రెండు దేశాలూ తమ స్వాతంత్ర్యం, తమ జెండా, తమ పార్లమెంటు తమ దగ్గరే ఉంచుకుని కొన్ని పనుల వరకు కలిసి చేద్దామనుకున్న పొత్తు ఇది. ఇంగ్లీషులో కాన్ఫెడరేషన్ అంటారు.

బలంలో బాగా తేడా ఉన్న రెండు పొరుగు దేశాలు ఇంకా దగ్గరవ్వాలా, ఎవరి ఇంట్లో వాళ్లు ఉండడమే మేలా? ఈ మాట వచ్చినప్పుడు మనవాళ్లలో రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. పెద్దది చిన్నదాన్ని మింగేస్తుందని ఒకరు, కలిసుంటే కలదు సుఖమని ఇంకొకరు. రెండు మాటలూ మనుషుల విషయంలో నిజం కావచ్చు. దేశాల విషయంలో మాత్రం వ్యవహారం చాలాసార్లు తేలేది కస్టమ్స్ చెక్‌పోస్టు దగ్గరే అని నా అభిప్రాయం. సెనెగాంబియాను ఎంచుకున్నది అందుకే. ఇక్కడ పెద్దది చిన్నదాన్ని మింగలేదు. భాష, మతం, బంధుత్వం, అన్నీ కలిసే ఉన్నాయి. అయినా పొత్తు నిలవలేదు.

ముందు మ్యాప్ చూడాలి. గాంబియా అనే నదికి రెండు ఒడ్డుల వెంట సన్నని పట్టీలా, 300 కిలోమీటర్లకు పైగా లోపలికి వెళ్లిన దేశం గాంబియా. చాలా చోట్ల వెడల్పు 50 కిలోమీటర్లు కూడా ఉండదు. పడమట సముద్రం. మిగిలిన మూడు వైపులా సెనెగల్. నదిలో నిలబడ్డ బ్రిటిష్ ఓడ నుంచి ఫిరంగి గుండు ఎంత దూరం పోతే అంతవరకు సరిహద్దు గీశారని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, గీత గీసింది మాత్రం 1889లో బ్రిటన్, ఫ్రాన్స్ చేసుకున్న ఒప్పందం. నది ఇంగ్లీషువాళ్లకు, చుట్టూ నేల ఫ్రెంచివాళ్లకు.

ఇలాంటి గీత మనకు కొత్తేం కాదు. ఇంగ్లీషు గోదావరి జిల్లా మధ్యలో ఫ్రెంచి యానాం కూర్చుని ఉండేది. శారదా చట్టం వచ్చి బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలు నేరమయ్యాక జనం పిల్లల్ని తీసుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. గీత ఉంటే, గీతకు అటూ ఇటూ రెండు చట్టాలు ఉంటే, ఆ తేడాతో పని గడుపుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ సంగతి కాసేపు గుర్తుంచుకుందాం.

సెనెగల్ విస్తీర్ణం దాదాపు 1,97,000 చదరపు కిలోమీటర్లు. గాంబియా 11,000 చదరపు కిలోమీటర్ల చుట్టుపక్కల. జనాభాలో ఇవాళ్టి లెక్క సుమారు 1.8 కోట్లు, 24 లక్షలు. అయితే ఊళ్లలోకి వెళ్తే ఈ తేడా కనిపించదు. గీతకు రెండు వైపులా వోలోఫ్, మాండింకా, ఫులా, జోలా మాట్లాడేవాళ్లే. అన్న గాంబియాలో, తమ్ముడు సెనెగల్‌లో ఉన్న కుటుంబాలు మామూలు. పంట వేరుశనగ. అటు ధర పలికితే బస్తాలు అటు నడిచేవి, ఇటు పలికితే ఇటు. పైకి వెళ్లేకొద్దీ మాత్రం రెండు లోకాలు. ఒకరి ఆఫీసుల్లో ఇంగ్లీషు, కోర్టుల్లో ఇంగ్లీషు చట్టం. రెండోవాళ్లకు రెండూ ఫ్రెంచివే.

కలిపేద్దామన్న ఆలోచన 1981లో హఠాత్తుగా పుట్టింది కాదు. గాంబియాకు స్వాతంత్ర్యం రాకముందే, 1964లో, ఐక్యరాజ్యసమితి పంపిన నిపుణులు దీని మీద నివేదిక ఇచ్చారు. పూర్తిగా సెనెగల్‌లో కలవడం దగ్గర్నుంచి, విడివిడిగా ఉంటూ మెల్లగా దగ్గరవడం దాకా దారులన్నీ అందులో ఉన్నాయి. 1965లో గాంబియా స్వతంత్ర దేశమైంది. అంత చిన్న దేశం ఎన్నాళ్లు నిలుస్తుందని చాలామంది అనుమానపడ్డారు. గాంబియావాళ్లకు ఆ అనుమానాల మీద చిరాకు. సెనెగల్‌కు మరో రకం జ్ఞాపకం ఉంది. 1960లో అది ఇప్పటి మాలీతో కలిసి ఒక సమాఖ్యగా స్వాతంత్ర్యం తెచ్చుకుంది. రెండు నెలలకే ఆగస్టులో గొడవ ముదిరి, సెనెగల్ రాజధాని డకార్‌లో ఉన్న మాలీ నేత మోదిబో కేతాను, ఆయన అనుచరులను రైలెక్కించి మాలీలోని బమాకో పంపించేశారు. అంటే ఉమ్మడి కాపురం ఎంత తొందరగా చెడుతుందో సెనెగల్‌కు తెలియంది కాదు.

మరి 1981లో ఎందుకు ఒప్పుకున్నారు? ఇద్దరికీ భయం. కానీ వేర్వేరు భయాలు.

జవారాది పూటకు సరిపడా భయం. కుర్చీ నిలవాలి, ఊళ్లో సైన్యం లేదు. సెనెగల్ భయం మ్యాప్‌లోనే ఉంది. దాని దక్షిణ ప్రాంతం కాసమాన్స్. వర్షాలు బాగా పడే, వరి పండే నేల. రాజధాని డకార్ నుంచి కాసమాన్స్ వెళ్లాలంటే గాంబియా అడ్డం. అడ్డంగా వెళ్లాలంటే గాంబియా ఫెర్రీ ఎక్కాలి, లేదంటే దేశం చుట్టూ తిరగాలి, లేదంటే సముద్రం. ఇలా దూరమైపోయిన కాసమాన్స్‌లో అసంతృప్తి ఉండనే ఉంది. 1982 డిసెంబర్‌లో జిగాంషోర్ పట్నంలో వేర్పాటువాదులు ఊరేగింపు తీశారు, ఆ తర్వాత దశాబ్దాల పాటు సాయుధ పోరాటం సాగింది. గాంబియా రాజధాని బాంజుల్‌లో తనకు గిట్టని సర్కారు వస్తే కాసమాన్స్ చేజారిపోతుందేమోనని డకార్ టెన్షన్. పెద్ద దేశం చిన్నదాన్ని చూసి భయపడదనుకుంటాం. తన కడుపులో ఉన్న దేశం కాబట్టే భయపడింది.

ఒప్పందంలో ఏం రాసుకున్నారు? సెనెగల్ అధ్యక్షుడు సమాఖ్యకు అధ్యక్షుడు. గాంబియా అధ్యక్షుడు ఉపాధ్యక్షుడు. ఉమ్మడి సభలో 60 సీట్లు, సెనెగల్‌కు 40, గాంబియాకు 20. ప్రజలు నేరుగా ఎన్నుకునేది లేదు, పార్లమెంట్ల నుంచే వెళ్తారు. సైన్యాలను కొంతవరకు కలపడం, విదేశాంగ విధానంలో, రవాణా, సమాచార రంగాల్లో కలిసి నడవడం, ఆపైన ఆర్థిక, ద్రవ్య యూనియన్ కట్టుకోవడం.

జనాభా లెక్కలో గాంబియాకు పది శాతం చొప్పున రావాల్సింది, మూడో వంతు ఇచ్చారు. కాగితం మీద ఇది సెనెగల్ ఉదారతే. కానీ గాంబియా వీధుల్లో ఇంకోలా వినపడింది. పరాయి సైనికులు మన ఎయిర్‌పోర్టు దగ్గర తుపాకులు పట్టుకుని ఉండగా మన అధ్యక్షుడు ఉపాధ్యక్షుడైపోయాడు, మనల్ని ఒక్క మాట అడగలేదు. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టలేదు, పార్లమెంట్లు ఆమోదించాయంతే. పెళ్లి ముహూర్తం ఎంతటి ఆపదలో కుదిరిందో తర్వాత ప్రతి చిన్న తగాదాలోనూ గుర్తొచ్చేది.

సైన్యం పని చకచకా సాగింది. ఉమ్మడి దళం ఏర్పడింది, గాంబియా తన సొంత సైన్యాన్ని కూడా కట్టుకుంది. రెండో పని, ఆర్థిక యూనియన్, ఏడేళ్లూ బల్ల మీదే ఉండిపోయింది. అసలు కథ ఇక్కడుంది.

గాంబియా దేని మీద బతికేది? వేరుశనగ ఒకటి. టూరిజం కొంత. మూడోది బాంజుల్ రేవు. గాంబియా దిగుమతి సుంకాలు తక్కువగా ఉంచేది. బియ్యం, చక్కెర, టీ, బట్టలు ఓడల్లో బాంజుల్‌లో దిగేవి. దేశం మొత్తానికి కావలసిన దానికంటే ఎక్కువ దిగేవి. ఆ ఎక్కువ సరుకు లారీల్లో, పడవల్లో, గాడిద బండ్ల మీద సెనెగల్‌లోకి, అక్కడి నుంచి మాలీ, గినీ-బిస్సావుల దాకా పోయేది. గాంబియాలో దీన్ని రీ-ఎక్స్‌పోర్ట్ వ్యాపారం అంటారు. సెనెగల్‌లో స్మగ్లింగ్ అంటారు. సరుకు ఒకటే, లారీ ఒకటే, గీత దాటగానే పేరు మారుతుంది.

సెనెగల్ లెక్క వేరు. తన ఫ్యాక్టరీలను, ముఖ్యంగా బట్టల మిల్లులను, చక్కెరను కాపాడుకోవడానికి అది దిగుమతుల మీద భారీ సుంకాలు వేసేది. బాంజుల్ మీదుగా చవక బట్ట వస్తుంటే డకార్ మిల్లు నడిచేదెలా?

ఇప్పుడు చర్చల్లో ఇద్దరూ ఏం అడిగారో చూద్దాం. గాంబియా అడిగింది స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం. అంటే మన ఇద్దరి మధ్య తయారైన సరుకుకు సుంకం వద్దు, బయటి దేశాల సరుకు మీద ఎవరి సుంకం వాళ్లది. సెనెగల్ అడిగింది కస్టమ్స్ యూనియన్. అంటే బయటి సరుకు మీద కూడా ఇద్దరిదీ ఒకే సుంకం. వినడానికి ఇవి ఆఫీసు పదాల్లా ఉంటాయి గానీ, ఒక మూట బట్టతో తేలిపోతాయి. ఊరికే లెక్క కోసం, 100 రూపాయల విదేశీ బట్ట మీద బాంజుల్‌లో సుంకం 20, డకార్‌లో 60 అనుకుందాం. బాంజుల్ షావుకారుకు ఆ 40 తేడాయే జీవనం. లారీవాడికి, గీత దగ్గర చూసీచూడనట్టు ఉండే గుమాస్తాకు అందులోంచే వాటా. గాంబియా ఖజానాకు ఆ 20. దేశం రాబడిలో దిగుమతి సుంకాలది పెద్ద భాగం. ఇద్దరికీ సుంకం 60 చేస్తే తేడా సున్నా. సరుకు బాంజుల్‌లో దిగాల్సిన అవసరమే లేదు, నేరుగా డకార్‌కే పోతుంది.

అంటే సెనెగల్ అడిగిన కలయికలో గాంబియా వదులుకోవాల్సింది జెండా కాదు, కంచంలో అన్నం. పైగా గాంబియాలో పేదవాడు తినే దిగుమతి బియ్యం ధర కూడా పెరుగుతుంది. ప్రతిగా ఏమిస్తారంటే డకార్ దగ్గర గట్టి జవాబు లేదు. పెద్ద దేశమన్న మాటే గానీ సెనెగల్ కూడా అప్పుల్లో ఉన్న పేద దేశమే.

యానాం గుర్తుంచుకోమన్నది ఇందుకే. పన్ను తక్కువ కాబట్టి కాకినాడ వైపు నుంచి యానాం వెళ్లి పెట్రోలు పోయించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మద్యం సంగతి చెప్పనక్కర్లేదు. 2017లో జీఎస్టీ వచ్చాక దాని కిందికొచ్చిన సరుకులన్నిటికీ ఇటూ అటూ ఒకే రేటు. జీఎస్టీలోకి రాని పెట్రోలు, మద్యం దగ్గర మాత్రమే గీత ఇంకా కనిపిస్తుంది. ఆ పన్ను హక్కు వదులుకోవడానికి మన రాష్ట్రాలు ఊరికే ఒప్పుకోలేదు. ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన ఐదేళ్ల పాటు నష్టం పూడుస్తామని కేంద్రం చట్టం చేస్తేనే కదిలాయి. ఒకే దేశంలో, ఒకే రాజ్యాంగం కింద ఇంత బేరం జరిగింది. రెండు వేరు దేశాల మధ్య, పరిహారం మాటే లేకుండా గాంబియా ఒప్పుకోవాలంటే ఎలా?

కరెన్సీ దగ్గరా ఇదే చిక్కు. సెనెగల్‌ది సీఎఫ్ఏ ఫ్రాంక్. ఫ్రెంచి ఫ్రాంక్‌తో గట్టిగా ముడిపడి, పశ్చిమ ఆఫ్రికాలోని పలు దేశాలు కలిసి వాడుకునే డబ్బు. గాంబియాది సొంత దలాసీ. సీఎఫ్ఏలో చేరితే వడ్డీ, విలువ, అన్నీ డకార్‌లో ఉన్న ఉమ్మడి కేంద్ర బ్యాంకు చేతిలోకి, దాని వెనక పారిస్ చేతిలోకి. 1986 జనవరిలో గాంబియా తన సంస్కరణల్లో భాగంగా దలాసీని మార్కెట్‌కు వదిలేసింది. ఒకరు ఫ్రాంక్‌కు కట్టేసుకుని, ఇంకొకరు తాడు తెంపుకుని నడుస్తుంటే ద్రవ్య యూనియన్ మాట మర్యాదకు మాత్రమే మిగిలింది.

గాంబియా నేతలు ఏడేళ్లూ చేసింది కాలయాపన అని సెనెగల్ పత్రికలు, నేతలు విసుక్కునేవారు. అది నిజమే. నేనైతే తప్పు పట్టను. ఇద్దరే ఉన్న పొత్తులో, ఒకడు పదింతలు పెద్దవాడైనప్పుడు, చిన్నవాడికి ఉన్న ఒకే ఒక్క ఓటు ఆలస్యం చేయడం. కాదని మొహం మీద చెప్పలేడు, సైన్యం ఇంట్లో ఉంది. సరేననీ చెప్పలేడు.

1989 వచ్చేసరికి సెనెగల్‌కు ఓపిక అయిపోయింది. ఏప్రిల్‌లో ఉత్తరాన మౌరిటానియాతో రక్తపాతం, సైన్యం అటు కావాలి. అదే సమయంలో గాంబియా వైపు నుంచి, సమాఖ్య అధ్యక్ష పదవి వంతులవారీగా తిరగాలన్న కోరిక. రక్షణ ఖర్చు మనది, స్మగ్లింగ్ నష్టం మనది, ఇప్పుడు కుర్చీ కూడానా అని డకార్‌కు అనిపించింది. ఆగస్టులో దియూఫ్ తన సైనికులను వెనక్కి పిలిచారు. సెప్టెంబర్ నెలాఖరుకు సమాఖ్య లేదు. ఇక్కడొక విశేషం ఉంది. మనం భయపడేది చిన్నది పారిపోతుంటే పెద్దది పట్టుకుంటుందేమోనని. ఇక్కడ ముందు లేచి వెళ్లిపోయింది పెద్దదే. చిన్నదానికి విసిగించే శక్తి ఉంది, పెద్దదానికి వదిలేసి పోయే శక్తి ఉంది.

విడిపోయాక ఏమైంది? వేరు కుంపటి కూడా ఖరీదైనదే.

1994 జులైలో యాహ్యా జమ్మే అనే యువ లెఫ్టినెంట్ జవారాను దించేశాడు. ఈసారి సెనెగల్ సైన్యం కదల్లేదు. జమ్మే 22 ఏళ్లు పాలించాడు, ఎదురు మాట్లాడినవాళ్లు జైళ్లలోనో అంతకంటే ఘోరంగానో మాయమయ్యారు.

2002 సెప్టెంబర్ 26 రాత్రి, జిగాంషోర్ నుంచి డకార్ వెళ్తున్న జోలా అనే ప్రభుత్వ నౌక గాంబియా తీరానికి దూరంగా సముద్రంలో తిరగబడింది. మోయాల్సిన దానికి మూడింతల జనం ఎక్కారు. 1,800 మందికి పైగా చనిపోయారు, టైటానిక్ కంటే ఎక్కువ. నౌక నిర్వహణ లోపం, అధికారుల నిర్లక్ష్యం కారణాలే. అయితే సొంత దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడానికి అన్ని వందల మంది ఆ సముద్రం దారి ఎందుకు పట్టారు? రోడ్డు మీద వెళ్తే మధ్యలో వేరే దేశం, రెండు సరిహద్దులు, ఫెర్రీ దగ్గర ఎన్ని గంటలో తెలియని క్యూ, కాసమాన్స్ అడవుల్లో తుపాకులు.

ఆ ఫెర్రీ రేవు మీద వంతెన కట్టాలన్న మాట దశాబ్దాల నాటిది. గాంబియా సాగదీసింది. వంతెన వస్తే సెనెగల్ లారీలు ఆగకుండా పోతాయి, తన చేతిలో ఉన్న ఒకే తాళంచెవి పోతుంది. 2016 ఫిబ్రవరిలో జమ్మే సర్కారు సెనెగల్ లారీల ప్రవేశ రుసుమును 4,000 ఫ్రాంకుల నుంచి ఒక్కసారిగా 4,00,000 ఫ్రాంకులకు పెంచింది. నూరింతలు. సెనెగల్ లారీ యూనియన్లు సరిహద్దును దిగ్బంధం చేశాయి. మే దాకా రాకపోకలు నిలిచాయి. ఎవరి తాళంచెవి పెద్దదో ఆ మూడు నెలల్లో ఇద్దరికీ అర్థమై ఉంటుంది.

ఇక్కడ ఇతర జంటల సంగతి కాస్త చూడాలి. ఒక్క ఉదాహరణతో తీర్పు చెప్పడం సరికాదు.

బెల్జియం, లక్సెంబర్గ్ 1921లో ఆర్థిక యూనియన్ కుదుర్చుకున్నాయి, అది బాగానే నడిచింది. నిజానికి 1919లో ఓటింగ్ పెడితే లక్సెంబర్గ్ జనం ఫ్రాన్స్‌ను కోరుకున్నారు, ఫ్రాన్స్ వద్దంది. బెల్జియం రెండో సంబంధం. లక్సెంబర్గ్ బతుకు అప్పటికి సరిహద్దు తేడా మీద లేదు, ఉక్కు మీద ఉంది. ఉక్కు అమ్ముకోవడానికి పెద్ద మార్కెట్ కావాలి. అంటే కస్టమ్స్ యూనియన్ దానికి కడుపు నింపేది, గాంబియాకు లాగా కడుపు కొట్టేది కాదు. అంత సామరస్యంలోనూ 1982లో బెల్జియం తన ఫ్రాంక్ విలువను 8.5 శాతం తగ్గించినప్పుడు లక్సెంబర్గ్‌ను సరిగ్గా సంప్రదించలేదు. రెండు ఫ్రాంకులూ సమానంగా ముడిపడి ఉన్నాయి కాబట్టి దెబ్బ లక్సెంబర్గ్‌కూ పడింది. వాళ్లు మండిపడి, మరుసటి ఏడాదే సొంత ద్రవ్య సంస్థను పెట్టుకున్నారు. సెనెగాంబియా కూడా అప్పుడే మొదలైంది, కాకతాళీయంగా.

దక్షిణాఫ్రికా, దాని చుట్టూ ఉన్న చిన్న దేశాలది మరో పద్ధతి. 1910 నుంచి కస్టమ్స్ యూనియన్ ఉంది, ఈ రకం వాటిలో ప్రపంచంలోకెల్లా పాతది. సుంకం ఎంతో చాలా కాలం దక్షిణాఫ్రికా ఒక్కటే నిర్ణయించేది. మిగిలినవాళ్లకు మాట లేదు. కానీ వసూలైన సుంకాన్ని పంచేటప్పుడు చిన్నవాళ్లకు లెక్కకు మించి వచ్చేలా 1969లో సూత్రం మార్చారు. చెప్పే హక్కు తీసుకుని, దానికి డబ్బు కట్టడం అన్నమాట. మర్యాదగా వినిపించదు గానీ, నిలబడింది. దాని ఫలితంగా లెసోతో, ఎస్వాతినీ ప్రభుత్వాల బడ్జెట్లు ఇప్పటికీ ఆ వాటా మీదే ఎక్కువగా ఆధారపడి ఉన్నాయి. ఒక ఏడాది వాటా తగ్గితే అక్కడ జీతాలకు కటకట.

రష్యా, బెలారస్‌ల యూనియన్ స్టేట్ ఒప్పందం 1999 డిసెంబర్ 8 నాటిది. కాగితం చూస్తే దానంత న్యాయమైనది ఇంకోటి లేదు. 14 కోట్లకు పైగా జనం ఉన్న రష్యాకూ, కోటి లోపు జనం ఉన్న బెలారస్‌కూ అత్యున్నత మండలిలో సమాన హోదా, ఏ నిర్ణయమైనా ఇద్దరూ ఒప్పుకోవాలి. ఉమ్మడి కరెన్సీ 2005లో వస్తుందన్నారు, ఇప్పటికీ రాలేదు. 2002లో పుతిన్ బెలారస్ నేరుగా రష్యాలో కలిసిపోవచ్చన్నట్టు ప్రతిపాదిస్తే బెలారస్ అధ్యక్షుడు లుకషెంకో కస్సుమన్నారు. ఆయన కూడా గాంబియావాళ్లలాగే ఏళ్ల తరబడి నాన్చారు. తేడా ఎక్కడంటే బెలారస్ బతికింది చవక రష్యా గ్యాసు మీద, చమురు మీద, అప్పుల మీద. 2009లో మాట తేడా వస్తే బెలారస్ పాల సరుకులను రష్యా ఆపేసింది. గ్యాసు పైపులైన్ల కంపెనీ 2011కల్లా పూర్తిగా రష్యా సర్కారు గ్యాసు కంపెనీ గాజ్‌ప్రోమ్ చేతికి వెళ్లింది. 2020 ఎన్నికల తర్వాత జనం వీధుల్లోకి వస్తే లుకషెంకోకు రష్యా అండ తప్ప వేరే దిక్కు లేకపోయింది. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్ మీదికి బెలారస్ నేల నుంచే వెళ్లాయి. మండలిలో వీటో అలాగే ఉంది. వాడుకునే పరిస్థితి లేదు.

ఇద్దరే ఉన్న యూనియన్‌లో ఓట్ల లెక్క ఎలా వేసినా సరిపడదు. జనాభా ప్రకారం ఇస్తే చిన్నది మునిగిపోతుంది. సమానంగా ఇస్తే పెద్దది ఓట్ల గదిలో ఓడి, గ్యాసు కుళాయి దగ్గర గెలుస్తుంది. మూడో వంతు ఇచ్చిన సెనెగల్ మధ్యే మార్గం ఎవరికీ తృప్తినివ్వలేదు. మూడో మనిషి, నాలుగో మనిషి ఉంటే తప్ప చిన్నవాడికి పక్కకు తిరిగి మాట కలిపే చోటు దొరకదు. లక్సెంబర్గ్ నేర్చుకున్నదీ అదే. బెల్జియంతో పొత్తు వదలకుండానే ఇంకా పెద్ద బల్ల దగ్గరికి, తర్వాత యూరప్ యూనియన్‌గా మారిన కూటమిలోకి, మొదటి ఆరుగురిలో ఒకటిగా వెళ్లింది. ఇప్పుడు ఫ్రాంకు విలువ తగ్గించేందుకు బెల్జియం దగ్గర ఫ్రాంకే లేదు.

గాంబియాకు కూడా దారి అటువైపే తెరుచుకుంది. ఎకోవాస్ అనే పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి 2015 నుంచి బయటి సరుకు మీద ఉమ్మడి సుంకాలు అమలు చేయడం మొదలుపెట్టింది. కొంత ఆలస్యంగా గాంబియా కూడా అందులోకి వచ్చింది. 1980లలో సెనెగల్ అడిగితే ఏడేళ్లు నాన్చిన పనే ఇది. తేడా ఏమిటంటే ఆ గదిలో సెనెగల్ పెద్దన్న కాదు. కూటమి జనాభాలో సగానికి పైగా నైజీరియాదే. సెనెగల్ అక్కడ మధ్యస్థం. అలాగని పెద్ద బల్ల అన్నిటికీ మందు అనను. 2025 జనవరిలో మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ ఆ కూటమి నుంచి లేచి వెళ్లిపోయాయి.

సైన్యం విషయంలోనూ అంతే. 2016 డిసెంబర్ ఎన్నికల్లో అడామా బారో గెలిచారు. జమ్మే ముందు ఓటమి ఒప్పుకుని, వారం తర్వాత మాట మార్చాడు. 2017 జనవరి 19న బారో ప్రమాణ స్వీకారం డకార్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో జరిగింది. అదే రోజు సెనెగల్ సైనికులు ముందుండగా దళాలు సరిహద్దు దాటాయి. రెండు రోజుల్లో జమ్మే దేశం వదిలాడు. దాటినవాళ్లలో ఎక్కువమంది 1981లో దాటిన దేశంవాళ్లే. ఈసారి వాళ్ల వెనక ఎకోవాస్ జెండా, ఆఫ్రికన్ యూనియన్ మద్దతు, గెలిచిన అభ్యర్థి పిలుపు ఉన్నాయి. దళం ఆ తర్వాతా గాంబియాలోనే ఉండిపోయింది, దాని మీద గొణుగుళ్లూ ఉన్నాయి.

2019 జనవరి 21న ఫారాఫెన్ని దగ్గర వంతెనను బారో, సెనెగల్ అధ్యక్షుడు మాకీ సాల్ కలిసి తెరిచారు. దాని పేరు సెనెగాంబియా వంతెన. మొదట్లో చిన్న బండ్లనే వదిలారు, లారీలను కొన్ని నెలల తర్వాత. దాటినవాళ్లు టోల్ కట్టాలి. వసూలు చేసుకునేది గాంబియా.